ఊటకొండ మీద మూడురాళ్ళ పొయ్యి

అనగనగా ఒక ఊరు. ఊరంటే మన ఊరంత కాదు చిన్నీ, కొండ ఒళ్ళో ముప్పై ఇళ్ళు, అంతే. పేరు తేనెవలస. ఇదిగో, ఇటు తిరిగి పడుకో. దుప్పటి పూర్తిగా కప్పుకో. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది.

ఆ ఊరి నెత్తిన ఒక కొండ ఉంది. దాన్ని ఊటకొండ అంటారు. ఎందుకన్నారంటే, కొండ కొనకి కాస్త దిగువన, చెట్ల గుంపులో, రాతి సందులోంచి ఒక ఊట వస్తుంది. నీ మణికట్టంత ధార. ఎండలు మండిపోయే రోజుల్లో కూడా అది ఎండదు.

ఆ ఊళ్ళో బావి తవ్వితే రాయి పడింది. బోరు వేస్తే దుమ్ము వచ్చింది. అందుకని ఊరంతా కలిసి ఆ ఊటకి ఒక ప్లాస్టిక్ గొట్టం తగిలించి, నీళ్ళు కిందకి దించుకున్నారు. తాగినా ఆ నీళ్ళే, అంబలి కాచినా ఆ నీళ్ళే, పసిపిల్లలకి లాల పోసినా ఆ నీళ్ళే. ఆ ఊట బాగుంటే ఊరు బాగున్నట్టు.

అప్పుడేమయిందంటే, పట్నం వాళ్ళకి ఆ కొండ సంగతి తెలిసింది. పొద్దున్నే పైన నిలబడితే మబ్బులు మన కాళ్ళ కింద ఉంటాయట. ఎవరో ఫోటో తీసి ఫోన్లో పెట్టారు. ఇంకేముంది! ఆదివారం వచ్చిందంటే చాలు, వీపుకి బ్యాగులు తగిలించుకుని, కాళ్ళకి బూట్లు వేసుకుని జనం దిగిపోయేవారు.

ఆ తర్వాత ఊరివాళ్ళు కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. వచ్చేవాళ్ళని రావద్దనం. కానీ ఊరి మనిషి తోడు లేకుండా ఎవరూ పైకి వెళ్ళకూడదు. ఆ తోడు వెళ్ళే మనిషి చిలకమ్మ.

చిలకమ్మకి నలభై ఏళ్ళుంటాయి. నీ అంత ఉన్నప్పుడే వాళ్ళమ్మ కొంగు పట్టుకుని అడ్డాకులకి కొండెక్కింది. అడ్డాకులంటే తెలుసుగా? విస్తళ్ళు కుట్టే పెద్ద పెద్ద ఆకులు. అప్పటి నుంచి ఎక్కుతూనే ఉంది. కళ్ళకి గంతలు కట్టి నడిపించినా, ఏ మలుపులో ఉందో వాసన పట్టి చెప్పేస్తుంది.

ఒక ఆదివారం, మాఘమాసం వెళ్ళి ఫాల్గుణం వచ్చిన రోజుల్లో, పట్నం నుంచి ముగ్గురు వచ్చారు. ఆకులన్నీ రాలి, కాలు పెడితే అప్పడాల్లా చప్పుడయ్యే రోజులవి.

ముగ్గురిలో పెద్దాయన జోగారావు మాస్టారు. బళ్ళో పిల్లల చేత డ్రిల్లు చేయించి రిటైరయ్యారు. మెడలో ఈల ఇంకా అలాగే వేలాడుతూ ఉంటుంది. ఆయన ఎక్కిన కొండలకి లెక్కే లేదు. మంచు కొండలు, రాతి కొండలు, ఎండకి పగిలిపోయే బోడి కొండలు, అన్నీ ఎక్కారు.

రెండో ఆమె హైమవతి. ఆసుపత్రిలో నర్సు. మాస్టారి వెనకాల పది పన్నెండు కొండలెక్కింది. మాస్టారంటే ఆమెకి గురువుతో సమానం. ఆయన మాటకి ఎదురు చెప్పి ఎరగదు.

మూడో ఆమె పైడమ్మ. మిషను మీద జాకెట్లు కుడుతుంది. పాపం, జన్మలో ఎప్పుడూ కొండెక్కలేదు. హైమవతి జాకెట్లు కుట్టించుకోవడానికి వెళ్ళి, మాటల్లో మాటగా "నువ్వూ రావే, ఎంతసేపూ ఆ మిషనేనా?" అంటే వచ్చేసింది. కాళ్ళకి బూట్లయినా లేవు, రబ్బరు చెప్పులే.

చిలకమ్మ ముగ్గుర్నీ నిలబెట్టి మూడు మాటలు చెప్పింది.

"బాట దిగకండి. నిప్పు రాజెయ్యకండి. పైకి ఏది మోసుకెళ్తారో, అది కిందకి మోసుకురండి. ఈ మూడూ చాలు బాబూ, మిగతాది కొండే చూసుకుంటాది."

పైడమ్మ ఆ మూడు మాటల్నీ వేళ్ళ మీద మడుచుకుంటూ పెదాలు కదిపింది. హైమవతి తల ఊపింది. మాస్టారు మాత్రం బూట్ల తాళ్ళు బిగించుకుంటూ, "తెలుసమ్మా, తెలుసు" అన్నారు.

నడక మొదలైంది. అందరికంటే ముందు తప్పు చేసింది ఎవరనుకున్నావు? పైడమ్మే!

సగం దూరం పోయాక ఆకలేసి బిస్కట్లు తింది. కాగితం ఏం చెయ్యాలో తెలియలేదు. కింద పారేస్తే తిడతారేమోనని, చక్కగా మడిచి ఒక రాతి సందులో దోపింది. బయటికి కనపడకుండా, జాకెట్టుకి మడత కుట్టినట్టు నీటుగా దోపింది.

చిలకమ్మ వెనక్కి వచ్చి చూసి, పక్కున నవ్వింది. "దాసిపెడితే కొండ తినేస్తాదనుకున్నావేటమ్మా? ఆ సందులో ఉడుము ఉంటాది. నీ ఇంటి గుమ్మంలో ఎవరైనా చెత్త కుక్కితే ఎలాగుంటాది?"

పైడమ్మ నాలిక్కరుచుకుంది. కాగితం పీకి కొంగున ముడేసుకుంది. "నాకు తెలీలేదు వదినా, ఇంకేం చెయ్యకూడదో చెప్పు" అంది. అప్పటి నుంచి ప్రతిదీ అడగడమే. ఈ పువ్వు కొయ్యచ్చా? ఈ రాయి జరపచ్చా? ఇక్కడ ఉమ్మెయ్యచ్చా? మాస్టారికి విసుగొచ్చింది గానీ చిలకమ్మకి విసుగు రాలేదు. అన్నిటికీ చెప్పుకొచ్చింది.

ఆ తర్వాత పెద్ద మలుపు వచ్చింది. అక్కడ బాట పాములా మెలితిరిగి, చుట్టూ తిరిగి పైకొస్తుంది. మాస్టారు పైకి చూశారు. అడ్డంగా ఎక్కితే యాభై అడుగుల్లో అయిపోతుంది. ఆయన కాళ్ళు ఇంకా ఉక్కు ముక్కలు. "రండి, ఇలా పోదాం" అని గట్టు ఎక్కేశారు. హైమవతి ఒక్క క్షణం ఆగింది. ఆగి, ఆయన వెనకే ఎక్కింది. వాళ్ళ బూట్ల కింద మట్టి గలగలా రాలింది.

చిలకమ్మ, పైడమ్మ బాట మీదే తిరిగి వచ్చేసరికి, మాస్టారు నుంచుని చెమట తుడుచుకుంటున్నారు.

"బాట దిగొద్దన్నాను కదా బాబూ" అంది చిలకమ్మ.

"పడిపోతామని భయం వద్దమ్మా. ఇంతకంటే నిటారువి ఎక్కాను."

"మీరు పడిపోతారని కాదు. వానాకాలం మీ అడుగుల్లో నీళ్ళు దిగుతాయి. ఆ నీళ్ళు మట్టి ఎత్తుకుపోతాయి. ఆ మట్టి పోతే మా నీళ్ళ గొట్టం కింద నేల కూలిపోతాది."

మాస్టారు నవ్వి ఊరుకున్నారు. ఇద్దరు మనుషుల అడుగులకి కొండ కరుగుతుందా అని ఆయన అనుకున్నారు.

ఊఁ కొట్టు మరి. ఆఁ, అదీ.

అప్పుడు ఊట దగ్గరికి చేరారు. ఎంత చల్లగా ఉందో అక్కడ! చెట్లన్నీ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుతున్నట్టు ఉంది. గొట్టం మూతికి కట్టిన జల్లెడ నిండా రాలిన ఆకులు చుట్టుకుని ఉన్నాయి.

చిలకమ్మ చీర చెంగు బిగించి, "నేను ఈ ఆకులు తీసి శుభ్రం చేస్తాను. ఇక్కడి నుంచి పైకి ఒక్కటే బాట, కేకేస్తే వినపడే దూరం, తప్పిపోయే పని లేదు. చూసి దిగిరండి" అంది.

ముగ్గురూ పైకి వెళ్ళారు. శిఖరం మీద పెద్ద బండ. బండ మీద నిలబడితే కనుచూపు మేరా కొండలే, నీలంగా, ఒకదాని వెనకాల ఒకటి. పైడమ్మ నోరు తెరిచి అలా చూస్తూ ఉండిపోయింది. "అమ్మో, ఇదంతా ఎప్పుడూ ఇక్కడే ఉందా?" అంది.

మాస్టారికి టీ తాగాలనిపించింది. ఏ కొండెక్కినా పైన టీ కాచుకోవడం ఆయన అలవాటు. బండ కింద గాలి తగలని పల్లం చూసుకున్నారు. అక్కడ నేల నల్లగా, మెత్తగా ఉంది. మూడు రాళ్ళు పెట్టారు. ఎండు పుల్లలు ఏరారు. బ్యాగులోంచి చిన్న గిన్నె తీశారు.

పైడమ్మ గాభరాపడింది. "మాస్టారూ, నిప్పు వద్దంది కదండీ చిలకమ్మ?"

"అది నిప్పు పెట్టడం తెలియని వాళ్ళకమ్మా" అన్నారు మాస్టారు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నారు. "చూడు, గాలి లేని చోటు చూశాను. చుట్టూ ఆకులు తీసేశాను. నలభై ఏళ్ళుగా కాస్తున్నాను, ఒక్క గడ్డిపోచ కాలలేదు."

పైడమ్మ హైమవతి వైపు చూసింది. హైమవతికి తెలుసు. ఎండాకాలం అడవిలో నిప్పు పెట్టకూడదని ఆమెకి బాగా తెలుసు. నోటి దాకా వచ్చింది మాట. కానీ గురువుగారికి మనం చెప్పేదేమిటని మింగేసింది. మింగేసి, బ్యాగులోంచి పంచదార పొట్లం తీసి ఇచ్చింది.

టీ మరిగింది. ముగ్గురూ తాగారు. ఆ తర్వాత మాస్టారు నిప్పుల మీద నల్లమట్టి దోసిళ్ళతో కప్పారు. బూటుతో నొక్కారు. రాళ్ళు దేని చోట దాన్ని పెట్టేశారు. "ఇక్కడ పొయ్యి పెట్టినట్టు ఎవరైనా కనిపెట్టగలరా?" అన్నారు. నిజమే, ఎవరూ కనిపెట్టలేరు.

ముగ్గురూ దిగి ఊట దగ్గరికి వచ్చారు. చిలకమ్మ తల ఎత్తింది. ముక్కు ఎగబీల్చింది.

"నిప్పు పెట్టారా?"

పైడమ్మ మాస్టారి వైపు చూసింది.

"ఆర్పేశానమ్మా" అన్నారు మాస్టారు. "మట్టి కప్పి వచ్చాను."

"నీళ్ళు పోశారా?"

"పోయలేదు."

"చెయ్యి పెట్టి చూశారా?"

"లేదు."

"ఎక్కడ పెట్టారు? బండ మీదా, పల్లంలోనా?"

"పల్లంలో. నల్లమట్టి నేల."

చిలకమ్మ చేతిలో ఆకులు కింద పడేసింది. "అది మట్టి కాదు బాబూ. వందేళ్ళ నుంచి రాలిన ఆకు. కుళ్ళి కుళ్ళి మట్టిలా కనిపిస్తాది. దాని మీద నిప్పు పెట్టి, మళ్ళీ దాన్నే తీసి కప్పారు. పిడక మీద నిప్పు పెట్టి పిడకతో కప్పినట్టు."

మాస్టారు ఎక్కినవన్నీ రాతి కొండలు చిన్నీ. అక్కడ మట్టంటే మట్టే. ఇక్కడ కొండ వేరు. ఆ సంగతి ఆయనకి తెలియదు. తెలియదని కూడా ఆయనకి తెలియదు.

చిలకమ్మ అప్పటికే పైకి పరిగెడుతోంది. ముగ్గురూ వెనకాలే పరిగెత్తారు. పైకి చేరకుండానే పొగ కనపడింది. పొయ్యి పెట్టిన చోట కాదు, దానికి పది అడుగుల అవతల. నిప్పు లోపల్లోపలే వేళ్ళు పట్టుకుని పాకి, అక్కడ పైకి లేచింది. ఎండుటాకుల మీద వాకిలంత మేర సన్నటి మంట పాకుతోంది. చిటపట చిటపట.

"గాలి ఎటుంది మాస్టారూ?" అని అడిగింది చిలకమ్మ.

మాస్టారు గుప్పెడు పొడి ఆకు గాల్లోకి వదిలారు. "పైకి వీస్తోంది. బండ వైపుకి."

"పొద్దు ఆ ఎదురు కొండ మీదకి జారితే?"

అది మాస్టారికి తెలుసు. ఏ కొండ మీదైనా గాలి అంతే. పగలు పైకి ఎక్కుతుంది, పొద్దు వాలితే కిందకి దిగుతుంది. ఆయన ఊట వైపు చూశారు. "కిందకి తిరుగుతుంది" అన్నారు.

కింద ఏముంది? ఊట ఉంది. ఊట చుట్టూ చెట్లున్నాయి. ఆ చెట్లు కాలిపోతే నీడ పోతుంది, నీడ పోతే చల్లదనం పోతుంది, గొట్టం కరిగిపోతుంది. ముప్పై ఇళ్ళ గొంతులెండిపోతాయి. పొద్దు చూస్తే వాలడానికి రెండు మూడు గంటలుంది.

కాళ్ళు ముడుచుకోకు, భయం లేదు. అక్కడ చిలకమ్మ ఉంది.

చిలకమ్మ ముగ్గురికీ మూడు పనులు చెప్పింది. "హైమమ్మా, నువ్వు ఊళ్ళోకి దిగు. ఉన్నవాళ్ళందర్నీ రమ్మను, తడి గోతాలు తెమ్మను. పైడమ్మా, ఊట దగ్గర రేకు డబ్బా ఉంది, నీళ్ళు మొయ్యి. మాస్టారూ, మీరు నాతో రండి."

హైమవతి దిగింది. పెద్ద మలుపు దగ్గరికి వచ్చి ఆగింది. అడ్డదారిన జారితే ముందు చేరచ్చు. కానీ పొద్దున కాలి కింద రాలిన మట్టి గుర్తుకొచ్చింది. జారి కాలు విరిగితే ఊరికి కబురెవరు చెప్తారు? బాట పట్టుకునే పరిగెత్తింది. ఊరు కనపడగానే గొంతెత్తి అరిచింది చూడూ! ఆసుపత్రిలో ఆమె మాట పక్క మంచం వాళ్ళకి కూడా వినపడదు. ఆ రోజు ఆమె కేక ఊరి చివర పసుపు ఉడకబెడుతున్న వాళ్ళకి కూడా వినపడింది. "కొండ అంటుకుంది! నిప్పు మేమే పెట్టాం! రండి!" అని అరిచింది. మేమే పెట్టాం అన్న మాట కూడా దాచలేదు.

పైన పైడమ్మ నీళ్ళు మోసింది. ఒక చెప్పు తెగిపోయింది, రెండోదీ విడిచి బ్యాగులో పడేసింది. వట్టి కాళ్ళతోనే మోసింది. మొదటి డబ్బా పొయ్యి పెట్టిన చోటే పోసింది. బుస్సుమని ఆవిరి లేచింది. పుల్ల పెట్టి తవ్వింది, మళ్ళీ పోసింది. మూడోసారి పోశాక నేల మీద అరచెయ్యి ఆనించి చూసింది. చల్లగా ఉంది. అప్పుడు గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

మాస్టారు పచ్చి కొమ్మ విరిచి, మంటకి దిగువగా నేల ఊడ్చారు. ఎండుటాకు అన్నది లేకుండా, మంచమంత వెడల్పున ఎర్రమట్టి బయటపడేదాకా ఊడ్చారు. నిప్పుకి తినడానికి ఏమీ దొరక్కపోతే అక్కడే ఆగిపోతుంది కదా, అందుకు. అరవై ఐదేళ్ళ మనిషి, ఒక్కసారి కూడా నడుము నిలబెట్టలేదు. మధ్యలో పైడమ్మ పొగకి ఎదురు వెళ్తుంటే ఈల ఊది ఆపేశారు.

"అటు కాదమ్మా! కాలిపోయిన వైపుకి రా. కాలినచోట మళ్ళీ కాలదు. ఎప్పుడూ నల్లటి వైపే నిలబడు."

ఆ మాట ఆమె ప్రాణం కాపాడింది. మరుక్షణమే ఆమె నిలబడ్డ చోట వెదురు పొద భగ్గుమంది. ఆ పొదని కొమ్మతో కొట్టబోయి మాస్టారి చెయ్యి కాలింది. ఆయన చెయ్యి కండువాలో చుట్టుకుని, రెండో చేత్తో ఊడ్చారు.

అప్పుడు ఊరు వచ్చింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఊరిపెద్ద గంగన్నదొర, అందరూ వచ్చారు. తడి గోతాలతో, పచ్చి కొమ్మలతో వరసగా నిలబడి కొట్టారు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. తిట్టడానికి ఊపిరెక్కడిది? ఒక వైపు చిలకమ్మ, ఒక వైపు గంగన్నదొర, నడుమ మాస్టారు.

పొద్దు ఎదురు కొండ మీదకి జారింది. గాలి ఒక్క నిమిషం ఆగింది. అప్పుడు గాలి తిరిగింది, చల్లగా కిందకి దిగింది. దిగి, ఊడ్చిన ఎర్రమట్టి మీదుగా పోయింది. దాంతో పాటు తీసుకుపోవడానికి ఒక్క నిప్పురవ్వ కూడా మిగల్లేదు.

ఊట బతికింది. కానీ రెండు ఇప్పచెట్లు, ఒక ఉసిరి చెట్టు, చిలకమ్మ ఏటా ఆకులు కోసే పెద్ద అడ్డతీగ కాలిపోయాయి. చిలకమ్మ ఆ తీగ బొగ్గు మీద చెయ్యి పెట్టి కాసేపు అలా కూర్చుంది. వాళ్ళమ్మ చూపించిన తీగ అది.

ఆ తర్వాత ఇంకా వెలుగుండగానే అందరూ దిగి బడి అరుగు మీద కూర్చున్నారు. హైమవతి మాస్టారి చేతికి కట్టు కట్టింది. గంగన్నదొర గొంతు సవరించుకుని, "ఎవరిది తప్పు?" అని అడగబోయాడు.

అడిగేలోపే మాస్టారు లేచారు. "నిప్పు పెట్టింది నేను. ఈ పైడమ్మ వద్దంది, వినలేదు. నాకంతా తెలుసనుకున్నాను."

హైమవతి లేచింది. "నాకు తెలిసి కూడా నోరు విప్పలేదు."

పైడమ్మ కూడా లేచింది. "టీ నేనూ తాగానండీ" అంది.

మసి పూసుకున్న ఆ ముఖం చూసి, ఆ మాట విని ఊరంతా ఘొల్లున నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా.

గంగన్నదొర చిలకమ్మ వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు. తీగ నీది."

చిలకమ్మ ఆలోచించింది. "మాస్టారికి కొండలెక్కడం వచ్చు, మన కొండ రాదు. ఏడాది పాటు రమ్మనండి. ఎండకి ఒకసారి, వానకి ఒకసారి, చలికి ఒకసారి. నా వెనకాల నడిచి నేర్చుకోమనండి."

మాస్టారు రెండు చేతులూ జోడించారు.

ఎండాకాలం వచ్చారు. చిలకమ్మతో కలిసి ఊట చుట్టూ ఆకులు ఊడ్చి, నిప్పు దాటకుండా ఎర్రమట్టి దారి చేశారు. ఆ వంకన ఊళ్ళో వాళ్ళకి కూడా మంటని ఎటు నిలబడి ఆర్పాలో నేర్పారు. ఆయనకి తెలిసినదీ ఊరికి కావాలి కదా మరి.

వానాకాలం వచ్చారు. పెద్ద మలుపు దగ్గర ఆగిపోయారు. తను అడ్డంగా ఎక్కిన చోట మోచేయి లోతు గాడి పడి ఉంది. ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతూ కిందకి పోతున్నాయి. ఇద్దరు మనుషుల అడుగులు! ఆయన వానలోనే మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు పేర్చడం మొదలెట్టారు. హైమవతి, పైడమ్మ కూడా వచ్చారు. ముగ్గురూ రాళ్ళు పేర్చి, ముళ్ళకంప అడ్డం వేసి, పైన ఉసిరి మొక్కలు నాటారు. సాయంత్రానికి ఆ గాడిలో ఎర్రనీళ్ళు పారడం ఆగింది.

చలికాలం వచ్చారు. ఆ రోజు పట్నం నుంచి పదిమంది కొత్తవాళ్ళు దిగారు. అందులో నిలువెత్తు బ్యాగు వేసుకున్న ఒకతను, మాస్టారి పాత బూట్లనీ, ఎండకి కమిలిన ముఖాన్నీ చూసి, "మీరు చాలా కొండలెక్కినట్టున్నారు సార్! మీరు ముందు నడవండి, మీ వెనకాల వస్తాం" అన్నాడు.

మాస్టారు పక్కకి తప్పుకుని చిలకమ్మకి దారిచ్చారు.

"మిగతా కొండల సంగతి అడుగు బాబూ, చెప్తాను" అన్నారు. "ఈ కొండకి మాత్రం నేను ఏడాది పిల్లాణ్ణి."

అని, అందరికంటే చివర నడవడం మొదలెట్టారు.

ఊఁ అనడం మానేశావు. కళ్ళు మూతలు పడ్డాయా? సరే సరే, చివరి మాట అనేస్తున్నా...

కొండెక్కిన వాళ్ళేమో ఊళ్ళోకి,
కొండంత కథేమో కంచిలోకి,
నువ్వూ నేనూ మనింట్లోకి,
నిద్రమ్మ నీ రెండు కళ్ళల్లోకి.